ముప్పై అడుగులు

పర్చూరు చుట్టుపక్కల మిరప రైతులు శ్యామ్ సుందర్‌ని 'గాలి సారు' అంటారు. ఎగతాళిగా మొదలైన పేరు అది. డ్రోనుతో మందు కొట్టించుకుందామని వచ్చిన రైతుని ఎన్నెకరాలని గాని, ఏం తెగులని గాని ముందు అడగడు. చేలో గట్టు మీద నిలబడి కాసేపు గాలి వాటం చూస్తాడు. కాస్త ఎక్కువగా ఉందనిపిస్తే చాలు, రిమోటు తీసి పెట్టెలో పెట్టేసి "రేపు పొద్దున చూద్దామండి" అనేస్తాడు. ఆ తర్వాత బతిమాలినా, కేకలేసినా వినడు.

"అదేంది సారూ, పెద్ద పెద్ద హెలికాప్టర్లే తోలినోళ్లు, ఈ బొమ్మ తోలటానికి భయమా మీకు?" అని బాపయ్య ఒకసారి నలుగురిలో అడిగేశాడు. బాపయ్యకి ఆరెకరాల మిరప. నల్ల తామర పురుగు పట్టి పూతంతా రాలిపోతోంది. ఆ మంటలో ఉన్నాడు.

"భయమేనండి బాపయ్యగారూ" అన్నాడు శ్యామ్ సుందర్ నవ్వుతూ.

అందరూ నవ్వారు. అతను ఉన్నమాటే చెప్పాడని ఎవరికీ తట్టలేదు.

శ్యామ్ సుందర్ ఇంటిపేరు గద్దల. మిషన్ బడిలో పనిచేసిన ఆనందరావు మాస్టారి కొడుకు. తల్లి పొగాకు గ్రేడింగుకి వెళ్లేది. తొమ్మిదేళ్ల వయసులో, పెద్ద తుపాను వచ్చి సముద్రం ఊళ్ల మీద పడ్డ ఏడాది, తండ్రి సంఘం వాళ్లతో కలిసి బియ్యం మూటలు వేసుకుని బాపట్ల వైపు వెళ్తూ వీణ్ణి కూడా తీసుకెళ్లాడు. అక్కడ మోకాలి లోతు బురదలో నిలబడి, జీవితంలో మొదటిసారి హెలికాప్టరుని చూశాడు. పొట్లాలు కిందికి జారవిడుస్తోంది. చుట్టూ జనం ఏడుస్తున్నారు, చేతులు చాస్తున్నారు. ఇంటికొచ్చాక వారం రోజులు ఆ పిల్లాడు దాని గురించే మాట్లాడాడు. తర్వాత గుంటూరులో డిగ్రీ, వాయుసేనలో ఎంపిక, పద్నాలుగేళ్ల ఉద్యోగం. 'ఇంటిపేరు నిలబెట్టావురా' అని ఊళ్లో వాళ్లు మురిసిపోయారు.

వాయుసేన నుంచి బయటికొచ్చాక నికోబార్ దీవుల మధ్య హెలికాప్టర్లు నడిపే ఒక ప్రైవేటు కంపెనీలో చేరాడు. మనుషులు, మందులు, ఉత్తరాలు, పరీక్ష పేపర్లు, ఒక్కోసారి కోడిపిల్లల బుట్టలు, అన్నీ మోశాడు. భార్య షారోన్ టీచరు. కూతురి చదువు కోసం ఆమె గుంటూరులోనే ఉండిపోయింది. అతను ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్లేవాడు. ఎనిమిదేళ్లు చేశాక, ఇంకా పదేళ్ల సర్వీసు చేతిలో ఉండగానే ఒకరోజు పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. ఎందుకని అడిగితే, "చాల్లే, ఒంటికి పడట్లేదు" అన్నాడు. షారోన్ రెట్టించలేదు. ఆమెకి పర్చూరులో పోస్టింగ్ వచ్చాక సొంత ఊళ్లో ఇల్లు బాగుచేయించుకున్నారు. డ్రోన్లు వచ్చాక ఆ పని నేర్చుకుని, ఊళ్లో కుర్రాళ్లకి కూడా నేర్పాడు.

అతనికున్న ఒక అలవాటు మాత్రం షారోన్‌కి అంతుపట్టేది కాదు. పడమటి గాలి గట్టిగా వీచే రోజుల్లో అతను ఇంట్లో ఉండలేడు. బయటా ఉండలేడు. వరండాలో నిలబడి ఎవరో పిలుస్తున్నట్టు తల ఒక పక్కకి వంచి వింటూ ఉంటాడు. 'ఏంటండీ?' అంటే ఉలిక్కిపడతాడు.

*

పోయినేడు నవంబరు నెలాఖరున బాపయ్య తోటలోనే ఆ సంగతి జరిగింది. బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. రెండు రోజుల్లో వాన వస్తే మందు కొట్టే వీలుండదు. పొద్దున ఏడింటికే వెళ్లారు. ఇవతలి గట్టు మీద శ్యామ్ సుందర్ రిమోటు పట్టుకుని నిలబడ్డాడు. తన దగ్గర పని నేర్చుకున్న త్రినాథ్‌ని తోట అవతలి కొసకి పంపాడు. పెళ్లై ఇద్దరు పిల్లలున్నవాడు, నెమ్మదస్తుడు. అటుపక్క పత్తి చేలో కూలీలు పత్తి తీస్తున్నారు. మందు వాళ్ల మీదికి కొట్టుకుపోకుండా చూసుకోవడం త్రినాథ్ పని.

రెండు సాళ్లు అయ్యాక గాలి లేచింది. శ్యామ్ సుందర్ డ్రోనుని గాల్లో ఆపి, ఫోన్లో త్రినాథ్‌ని అడిగాడు.

"అటు ఎట్టా ఉంది?"

కాసేపు ఆగి త్రినాథ్ చెప్పాడు: "గాలి తగ్గింది సార్. ఇప్పుడు రండి."

అంతే. శ్యామ్ సుందర్ చేతులు బిగుసుకుపోయాయి. కళ్లు డ్రోను మీదే ఉన్నాయి గాని అతను దాన్ని చూడటం లేదు. బొటనవేళ్లు రిమోటు పుల్లల మీదే ఉన్నాయి గాని, కదులుతున్నాయో లేదో అతనికి తెలియటం లేదు. మందు ట్యాంకుతో ఉన్న డ్రోను గాలివాటున పక్కకి జారి, గట్టు దాటి, పత్తి చేలోకి వెళ్లింది. "సార్! సార్! ఆడమనుషులున్నారు సార్!" అని త్రినాథ్ ఫోన్లో అరుస్తున్నాడు. పత్తి తీస్తున్న సైదా అనే ఆమె ఒడి వదిలేసి పక్కకి దూకింది. ఆమె నిలబడ్డ చోటుకి పది అడుగుల దూరంలో డ్రోను మొక్కల మీద కూలబడి, రెక్కలు విరిగి ఆగిపోయింది.

ఎవరికీ ఏం కాలేదు. సైదా వచ్చి నాలుగు తిట్లు తిడదామనుకుంది. కానీ గట్టు మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వణికిపోతున్న మనిషిని చూసి, తిట్టడం మానేసి తన సీసాలో నీళ్లు ఇచ్చింది.

బాపయ్య బండి మీద ఎక్కించుకుని ఇంటి దగ్గర దించాడు. "అమ్మా, సార్‌కి బీపీ లాంటిదేదో వచ్చినట్టుంది, చూడండి" అని షారోన్‌తో చెప్పి వెళ్లిపోయాడు. షారోన్ ఆరోజు బడికి వెళ్లలేదు.

"ఇవాళ చెప్పాల్సిందే" అంది. "పదేళ్ల నుంచీ చూస్తున్నాను. మీరు ఇక్కడ ఉండి ఇంకెక్కడో ఉంటున్నారు. ఎక్కడుంటున్నారో చెప్పండి."

అప్పుడు చెప్పాడు.

*

రెండు వేల పన్నెండు, జూన్. కార్ నికోబార్‌కి దక్షిణాన ఒక చిన్న దీవి. ఒక చివర చిన్న కొండ, దాని కింద కొబ్బరితోటలు, తోటల మధ్య బడి పక్కన హెలికాప్టరు దిగడానికి కొట్టిన ఖాళీ జాగా. అంతకుమించి ఏమీ లేదు. ఆ నెలల్లో పడమటి గాలి మొదలైతే పడవలు ఒడ్డుకి చేరలేవు. సముద్రం పలక రంగులోకి తిరుగుతుంది. గాలి కొండని కొట్టుకుని పైకి లేచి, ఇవతలి పక్క లాకుల దగ్గర కాలవ నీళ్లు దూకి సుడి తిరిగినట్టు కిందికి దూకుతుంది. ఆ సుడి సరిగ్గా దిగే జాగా మీదే ఉంటుంది. ఆరేళ్లలో దాన్ని అతను వేళ్లతో తడిమి గుర్తుపట్టగలిగినంతగా నేర్చుకున్నాడు.

ఆ దీవిలో ఆరోగ్య కేంద్రం నర్సు రెబ్కా అని ఒకమ్మాయి ఉండేది. సొంతూరు కొత్తపట్నం. మొదటిసారి రేడియోలో ఆమె ఇంగ్లిషు వినగానే అతనికి యాస తెలిసిపోయింది. 'ఒంగోలు పక్కనా అమ్మా?' అని తెలుగులో అడిగాడు. అవతల ఆమె సంతోషంతో నవ్వేసింది. అప్పటినుంచీ రూలుకి విరుద్ధమైనా రేడియోలో రెండు ముక్కలు తెలుగులోనే మాట్లాడుకునేవారు. అన్నా అని పిలిచేది. ఎదురెదురుగా మాత్రం ఎప్పుడూ కలవలేదు. అతను దిగి సామాను దింపి పది నిమిషాల్లో లేచిపోయేవాడు. ఆమె రోగుల దగ్గరుండేది.

ఆ రోజు పొద్దున కబురు వచ్చింది. ఒకావిడకి కడుపులో పేగు పగిలిందని అనుమానం, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, తీసుకెళ్లమని. శ్యామ్ సుందర్, కోపైలట్ హయాత్ బయల్దేరారు. హయాత్‌కి ముప్పై ఏళ్లుంటాయి, మంచి చెయ్యి.

మొదటిసారి దిగబోతే చెట్ల తలలకి ఇంకా చాలా పైనుండగానే గాలి కొట్టింది. తప్పించుకుని సముద్రం మీదికి పోయి చుట్టు తిరిగారు. ఇంధనం చూసుకుంటే ఇంకొక్కసారికి మాత్రమే సరిపోతుంది. తిరిగిపోదామా అన్నట్టు హయాత్ చూశాడు. అప్పుడు రేడియోలో రెబ్కా గొంతు.

"గాలి తగ్గిందన్నా. ఇప్పుడు రండి. కొబ్బరాకు కూడా కదలట్లేదు."

ఆ మాట పట్టుకుని రెండోసారి వెళ్లాడు. జాగా చుట్టూ నిలబడ్డ మనుషులు కనిపించారు. తెల్ల దుప్పటి కప్పిన మంచం కనిపించింది. ఎనభై అడుగులు, అరవై, నలభై. ముప్పై అడుగుల దగ్గర కాళ్లకింద నేల లాగేసినట్టు యంత్రం కిందికి జారి, ముక్కు పక్కకి తిరిగింది. కిటికీలో ఆకాశం ఉండాల్సిన చోట కొబ్బరి మట్టలు కనిపించాయి. హయాత్ "సార్" అన్నాడు, అంతే. శ్యామ్ సుందర్ పైకి లాగేశాడు. ఎలా లాగాడో తెలియదు. చూసుకునేసరికి సముద్రం మీద ఉన్నారు. రేడియోలో ఎవరూ మాట్లాడలేదు.

రెండు రోజులు గాలి ఆగలేదు. మూడోనాటి ఉదయం ఎనిమిదింటికి దిగాడు. సముద్రం నూనె పోసినట్టుంది. జబ్బుపడ్డ ఆవిడ ఆ తెల్లవారుజామునే పోయింది.

"వాళ్లు నన్నేమీ అనలేదు షారూ" అన్నాడు శ్యామ్ సుందర్. "ఒక ముసలాయన కొబ్బరిబోండం కొట్టి తెచ్చి నా చేతికిచ్చాడు. రెండుసార్లు ప్రయత్నం చేశారు, మేమందరం చూశాం, తాగండి అన్నాడు. నేను తాగలేకపోయాను. పట్టుకుని నిలబడ్డాను. ఆ నర్సమ్మ తెల్లకోటు ఆరోగ్య కేంద్రం గుమ్మంలో కనిపించింది. బయటికి రాలేదు. లోపలికి వెళ్లే ధైర్యం నాకూ లేకపోయింది."

షారోన్ అతని చెయ్యి పట్టుకుంది. "మీరు దించుంటే మీరూ, ఆ హయాతూ..."

"అదే అందరూ అన్నారు. కంపెనీ వాళ్లు మెచ్చుకున్నారు కూడా. కానీ కింద గాలి లేదు షారూ. ఆమె చెప్పిందిగా, ఆకు కదలట్లేదని. మట్టలు ఊగితే అది మా రెక్కల గాలికే అనుకున్నాను. అంటే గాలంతా పైనే ఉంది. ఇంకో ముప్పై అడుగులు బిగబట్టి దిగుంటే దాని కిందికి చేరేవాణ్ణి. దించేవాణ్ణి. ముప్పై అడుగులంటే మన వరండా నుంచి గేటు దాకా. అక్కడ నాకు భయమేసింది. భయపడి ఒక మనిషిని వదిలేసి వచ్చాను."

తర్వాత ఏడాదిన్నర ఉద్యోగం చేశాడు గాని, ప్రతిసారీ దిగబోయేముందు హెడ్‌ఫోన్లో ఆ గొంతు వినిపించేది. రేడియో కట్టేసి ఉన్నా వినిపించేది. ఇక్కడికొచ్చాక పత్తి చేల మీదుగా గాలి వచ్చినప్పుడు వినిపిస్తోంది. గాలి తగ్గిందన్నా, రండి. గాలి ఎంత గట్టిగా ఉంటే ఆ మాట అంత స్పష్టంగా వినిపిస్తుంది.

షారోన్ అతని చెయ్యి వదల్లేదు. చివరికి అడిగింది.

"కొత్తపట్నమన్నారు కదా. ఇక్కణ్ణుంచి ఎంత దూరం?"

"రెండు గంటలు."

"పదేళ్ల నుంచీ రెండు గంటల దూరంలో ఉండి వెళ్లలేదా?"

"ఆమె ముఖం ఎట్టా చూడమంటావు?"

"చూద్దురుగాని, పదండి" అంది షారోన్.

*

కొత్తపట్నంలో నర్సమ్మ రెబ్కా అంటే చేపలు ఎండబెట్టుకుంటున్నవాళ్లే దారి చూపించారు. ఉద్యోగం మానేసి వచ్చి, చర్చి పక్కన రెండు గదుల్లో బీపీ, షుగర్ చూస్తూ ఇంజక్షన్లు చేస్తోంది. వీళ్లు వెళ్లేసరికి జోహరాబీ అనే పెద్దావిడకి బీపీ చూస్తోంది. రెబ్కా జుట్టు సగం నెరిసింది. నలభై ఏడు, నలభై ఎనిమిది ఉండొచ్చు.

"వందనాలమ్మా" అన్నాడు శ్యామ్ సుందర్ గుమ్మంలో నిలబడి.

రెబ్కా తలెత్తలేదు. బీపీ పట్టీ చుట్టిన చేతిని అలాగే పట్టుకుని ఉండిపోయింది. మనిషిని ఎప్పుడూ చూడలేదు గాని గొంతు మర్చిపోలేదు. కాసేపటికి పట్టీ విప్పి, "సాయంత్రం రా అమ్మా" అని జోహరాబీని పంపించేసింది. అప్పుడు చూసింది.

"వస్తారనుకోలేదన్నా" అంది. "రావద్దని రోజూ కోరుకున్నాను."

షారోన్ బల్ల మీద కూర్చుంది. శ్యామ్ సుందర్ నిలబడే ఉన్నాడు. దారి పొడుగునా కూడదీసుకున్న మాటలన్నీ పోయి, ఒక్కటే మిగిలింది.

"నాకొకటి చెప్పమ్మా. నేను ఇంకో ముప్పై అడుగులు దిగుంటే సరిపోయేదా?"

"ఏమన్నా?"

"కింద గాలి లేదు గదా. ఇంకొంచెం ధైర్యం చేసుంటే..."

రెబ్కా కుర్చీ వెనకభాగం పట్టుకుంది. ఆమె ముఖంలో మొదట అర్థంకానితనం, తర్వాత భయం కనిపించాయి.

"మీరు దాన్ని నమ్ముతూనే ఉన్నారా?" అంది. "ఇన్నేళ్లూ?"

శ్యామ్ సుందర్ తలూపాడు.

"గాలి తగ్గలేదన్నా. నేను అబద్ధం చెప్పాను."

బయట ఎవరో వలలు దులుపుతున్నారు. ఆ చప్పుడు లోపలికి వస్తోంది.

"మీరు మొదటిసారి తిరిగిపోయినప్పుడు, ఇంక రారనుకున్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఉంది. ఒక్కసారి రప్పిస్తే చాలు, ఎట్టాగో దించుతారు, మా అన్న మంచి పైలెట్ అనుకున్నాను. కొబ్బరాకులు కాదు, బడి రేకు ఎగిరిపోయింది ఆ గాలికి. నేను రేకుల మధ్య నిలబడి ఆకు కదలట్లేదని చెప్పాను. మీరు వచ్చారు. హెలికాప్టరు పక్కకి ఒరిగింది. చుట్టూ నలభై మంది జనం. ఇంకొంచెం దిగుంటే మా మీదే పడేది. అందర్నీ చంపేశాననుకుని కళ్లు మూసుకున్నాను. కళ్లు తెరిచేసరికి మీరు లేరు. మూడోరోజు మీరు దిగినప్పుడు, నన్ను నిలదీస్తారని లోపలే దాక్కున్నాను."

ఆమె ఏడవటం లేదు. ఎన్నోసార్లు తనకి తానే చెప్పుకున్న మాటల్లా వస్తున్నాయి అవి.

"మంచం దగ్గరికి వెళ్లాను. చప్పుడు విన్నది కదా, 'వెళ్లిపోయిందా?' అని అడిగింది. 'ఆయిల్ పోసుకోడానికి వెళ్లింది, వస్తుంది' అన్నాను. అది ఇంకో అబద్ధం. ఊరికి పోవాలిగదా అని తల దువ్వించుకుంది, బూట్లు వేయించుకుంది. అవి తీయనివ్వలేదన్నా. రెండు రోజులూ బూట్లతోనే పడుకుంది. వస్తే టైం దండగవుతుందని."

శ్యామ్ సుందర్ అప్పుడు కూర్చున్నాడు. తను భయపడ్డ ఆ ముప్పై అడుగుల్లో చావు తప్ప ఏమీ లేదని తెలిసింది. తేలికపడాలి. షారోన్ కూడా అతనికేసి అదే ఆశతో చూస్తోంది. కానీ అతనికి తేలిక కలగలేదు. ఇన్నేళ్లూ మోసిన బరువు ఎవరో దించేశారు గాని, దాని కింద ఉన్న మనిషి ఇప్పుడే మొదటిసారి కనిపించింది. తల దువ్వుకుని, బూట్లు వేసుకుని, వాకిలి వైపు చూస్తూ.

"ఆమె పేరేంటమ్మా?" అని అడిగాడు. ఇన్నేళ్లలో అతనికి పేరు తెలియదు. కాగితాల్లో 'రోగి, స్త్రీ' అని ఉంది.

"ఎస్తేరు. ఇరవై ఆరేళ్లు. బళ్లో వంట చేసేది. సాయంత్రం పూట ఆడపిల్లలతో ఫుట్‌బాల్ ఆడేది. గోలు దగ్గర నిలబడేది, ఎవర్నీ బంతి కొట్టనిచ్చేది కాదు."

చెబుతూ చెబుతూ రెబ్కా ఆగిపోయింది. "నన్ను క్షమిస్తారా అన్నా? మిమ్మల్ని చంపబోయాను."

కోపం వచ్చిందేమోనని లోపల వెతుక్కున్నాడు. రాలేదు. "నీ చోట నేనున్నా అదే చెప్పేవాణ్ణమ్మా" అన్నాడు. అది నిజమో కాదో అతనికి తెలియదు. కానీ అంతకన్నా మంచిమాట దొరకలేదు. షారోన్ లేచి వెళ్లి రెబ్కా పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె అప్పుడు ఏడ్చింది.

తిరిగొచ్చాక హయాత్ నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. హయాత్ ఇప్పుడు ఎక్కడో పెద్ద విమానాలు నడుపుతున్నాడు. అంతా విని, "నాకు ఆ నర్సు మాటలే గుర్తులేవు సార్" అన్నాడు. "కిటికీలో కొబ్బరిచెట్టు గుర్తుంది. దాని మీద ఒక కాయ ఎండిపోయి ఉంది. అది అప్పుడప్పుడూ కల్లోకి వస్తుంది." తర్వాత ఇద్దరూ పిల్లల గురించి మాట్లాడుకుని పెట్టేశారు.

ఆ గొంతు ఆగలేదు. గాలి వచ్చినప్పుడు ఇంకా వినిపిస్తోంది. కాకపోతే ఇప్పుడు దాని వెనక రేకులు ఎగిరిపోతున్న చప్పుడు కూడా ఉంటోంది. మాట చెబుతున్న మనిషి ఎంత భయంతో చెబుతోందో తెలుస్తోంది. రిమోటు మళ్లీ ముట్టుకోలేదు. త్రినాథ్ తోలుతున్నాడు. అతను గట్టు మీద నిలబడి ఎగరేయాలా వద్దా అన్నది మాత్రం చెబుతాడు. బాపయ్య ఇప్పుడు ఎదురు చెప్పటం లేదు.

జూన్‌లో ఒక ఆదివారం ఆరాధన ముందు శ్యామ్ సుందర్ పాస్టరు ఇమ్మానియేలుగారి దగ్గరికి వెళ్లి, చనిపోయినవారి జ్ఞాపకార్థ ప్రార్థనలో ఒక పేరు చదవమని అడిగాడు. పాస్టరు పుస్తకం తెరిచి రాసుకున్నాడు. ఎస్తేరు. పక్క గడి ఖాళీగా ఉంది.

"మీకు ఏమవుతారు సార్?"

శ్యామ్ సుందర్ ఆలోచించాడు. వెనక జనం వచ్చి కూర్చుంటున్నారు. షారోన్ ముందు వరసలో పాటల పుస్తకాలు పంచుతోంది.

"నేను తీసుకురావాల్సిన మనిషండి" అన్నాడు.

పాస్టరుకి అర్థం కాలేదు. కాసేపు అతని ముఖంలోకి చూసి, ఇంకేమీ అడగకుండా 'బంధువు' అని రాసుకున్నాడు.